లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

సికింద్రాబాద్ నుంచి బొల్లారం మీదుగా ఉత్తరానికి వెళ్ళే రైలు మార్గంలో, గుండ్లపోచంపల్లి దాటాక, మేడ్చల్ రాకముందు గౌడవెల్లి స్టేషన్ వస్తుంది. ఒకవైపు ఔటర్ రింగ్ రోడ్డు, మరోవైపు మేడ్చల్ పరిశ్రమలు, మధ్యలో ఇంకా మిగిలిన పొలాలు. ఈ ఊరున్న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో, డబ్బు గురించి ఆలోచించేవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన చోట్లు రెండున్నాయి. మొదటిది చర్లపల్లి. 1997 నుంచి భారత ప్రభుత్వ టంకశాల అక్కడ నాణేలు తయారుచేస్తోంది. రెండోది శామీర్‌పేట వైపున్న మూడుచింతలపల్లి. భూమి లెక్కలన్నీ ఒకే కంప్యూటర్ వ్యవస్థలోకి తెచ్చిన ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబరు 29న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఆ ఊళ్ళోనే ప్రారంభించారు.

చర్లపల్లిలో తయారైన నాణెం మీద ఎవరి పేరూ ఉండదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే. ధరణి పద్ధతి వేరు. పొలం ఎవరు దున్నుతున్నా, పోర్టల్‌లో పేరున్నవాళ్ళే హక్కుదారులుగా ఉండేవారు. గత పదేళ్ళలో మన డబ్బు మొదటి పద్ధతి నుంచి రెండో పద్ధతికి మారిపోయింది. ఫోన్‌లో కనిపించే బ్యాలెన్స్ మన జేబులో ఉన్న వస్తువు కాదు. ఎక్కడో ఉన్న లెక్కల పుస్తకంలో మన పేరుకు ఎదురుగా రాసిన అంకె.

డబ్బు పుస్తకంలో అంకెగా మారాక, మన స్వేచ్ఛ ఆ పుస్తకాన్ని నడిపే తీరు మీద ఆధారపడుతుంది. అందులో ఎవరు రాస్తారు? ఎవరు చూస్తారు? తప్పు పడితే ఎవరు దిద్దుతారు? నచ్చకపోతే మన లెక్క మనం తీసుకుని బయటికి రాగలమా? ఈ అధ్యాయమంతా ఈ నాలుగు ప్రశ్నల గురించే. యూపీఐనైనా, బిట్‌కాయిన్‌నైనా, ఊళ్ళోని పొదుపు సంఘాన్నైనా, ఆన్‌లైన్‌లో మనం పదిమందితో కలిసే చోటునైనా వీటితోనే తూచి చూద్దాం.

ముద్రించే అధికారం, ఖర్చుపెట్టే స్వేచ్ఛ

హైదరాబాద్ సంస్థానానికి ఒకప్పుడు సొంత రూపాయి ఉండేది. హాలీ సిక్కా అనేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయలు వందకు సుమారు 116 హాలీ రూపాయలు వచ్చేవి. 1918లో చేసిన చట్టంతో నిజాం ప్రభుత్వం కాగితపు నోట్లు కూడా తెచ్చింది. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత కూడా హాలీ సిక్కా కొన్నేళ్ళు భారత రూపాయితో పాటు చెలామణి అయింది. 1959లో పూర్తిగా రద్దయింది.

హాలీ సిక్కా ముద్రించే అధికారం నిజాం ప్రభుత్వానిదే. ఆ విషయంలో అంతకు మించిన కేంద్రీకరణ ఉండదు. కానీ ఒకసారి బజారులోకి వచ్చాక ఆ రూపాయి ఎవరి అనుమతీ అడగదు. రైతు సంతలో ఎడ్లు కొన్నా, కూతురి చేతిలో తల్లి రహస్యంగా పెట్టినా, కూలీ తన పల్లెకు పట్టుకెళ్ళినా టంకశాలకు తెలియదు. ముద్రణ ఒక్కచోట, వాడకం అందరి చేతుల్లో. నగదు తెచ్చిన స్వేచ్ఛ ఈ కలయికలోనే ఉంది.

ఆ స్వేచ్ఛకూ హద్దుంది. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లను రద్దు చేసినప్పుడు, చెలామణిలో ఉన్న నగదు విలువలో 86 శాతం చెల్లకుండా పోయింది. నోటు చేతిలో ఉన్నా దానికి విలువనిచ్చే అధికారం చేతిలో లేదని దేశమంతా ఆ రాత్రి తెలుసుకుంది. అప్పటికి కొద్ది నెలల క్రితమే వచ్చిన యూపీఐకి దారి తెరుచుకున్నది అప్పుడే. సిద్దిపేట దగ్గర ఇబ్రహీంపూర్‌ను నగదురహిత గ్రామంగా ప్రకటించిందీ ఆ రోజుల్లోనే.

అయినా నగదు పోలేదు. చెలామణిలో ఉన్న నోట్ల విలువ 2025 మార్చి నాటికి 36 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఫోన్‌తో చెల్లించడం అలవాటైనవాళ్ళు కూడా ఇంట్లో కొంత నగదు ఉంచుకుంటూనే ఉన్నారు. దీన్ని వెనకబాటుతనం అనుకోవడం పొరపాటు. ఎవరి అనుమతీ అక్కర్లేని డబ్బు కొంతైనా దగ్గరుండాలన్న తెలివి అందులో ఉంది.

పది రూపాయల ప్రయాణం

గౌడవెల్లి స్టేషన్ దగ్గర టీ తాగి పది రూపాయలు ఫోన్‌తో చెల్లించారనుకుందాం. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కొట్టతని యూపీఐ చిరునామా ఫోన్‌కు చేరుతుంది. మీరు పిన్ కొడతారు. ఆ పిన్ ఫోన్‌లోనే సంకేతలిపిలోకి మారిపోతుంది కాబట్టి, యాప్ నడిపే కంపెనీ దాన్ని చదవలేదు. యాప్ తన వెనకున్న బ్యాంకు ద్వారా ఆ ఆదేశాన్ని ఎన్‌పీసీఐ, అంటే జాతీయ చెల్లింపుల సంస్థ స్విచ్‌కు పంపుతుంది. ఆ చిరునామా వెనక ఉన్న ఖాతా ఏదో స్విచ్ కనుక్కుంటుంది. మీ బ్యాంకును పది రూపాయలు తగ్గించమంటుంది. తగ్గించానని జవాబు రాగానే కొట్టతని బ్యాంకును పది రూపాయలు కలపమంటుంది. అప్పుడు కౌంటర్ మీది సౌండ్‌బాక్స్ పలుకుతుంది. రెండు బ్యాంకుల మధ్య అసలు సొమ్ము సర్దుబాటు తర్వాత, విడతలవారీగా, రిజర్వు బ్యాంకు దగ్గర జరుగుతుంది.

ఈ ఏర్పాటుకు మూలాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 1996లో మాసబ్‌ట్యాంక్‌లో ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థను నెలకొల్పింది. ఒక బ్యాంకు కార్డుతో ఇంకో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకునే వీలు కల్పించిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో మొదలుపెట్టింది ఈ సంస్థే. 2009లో ఆ స్విచ్ ఎన్‌పీసీఐ చేతికి వెళ్ళింది. బ్యాంకులన్నీ ఒకే స్విచ్ దగ్గర కలవడమనే ఆ ఆలోచనే ఫోన్లదాకా విస్తరించి, 2016లో యూపీఐ అయింది.

ఫలితం అసామాన్యం. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా చెల్లింపులు యూపీఐ ద్వారా జరిగాయి. సగటున సెకనుకు 7,000 దాటి. మేడ్చల్ పరిశ్రమల్లో పనిచేసే బిహార్, ఒడిశా కార్మికులు ఇంటికి డబ్బు పంపడానికి క్యూలో నిలబడి, ఫారం నింపి, ఒక పూట కూలి పోగొట్టుకోవాల్సిన అవసరం లేదు. ఏ బ్యాంకు ఖాతా ఉన్నా, ఏ యాప్ వాడినా అవతలివాళ్ళకు చేరుతుంది. సామాన్యుడి చేతికి సాంకేతికత ఇచ్చిన గొప్ప బలాల్లో ఇదొకటి.

ఇప్పుడు మన ప్రశ్నలు అడుగుదాం. రాసేది ఎవరు? బ్యాంకులు, ఒకే ఒక్క స్విచ్ చెప్పినట్టు. 2025 మార్చి 26న, మళ్ళీ ఏప్రిల్ 12న యూపీఐ మొరాయించినప్పుడు దేశమంతటా చెల్లింపులు ఆగిపోయాయి. స్విచ్ సరే, యాప్‌లయినా చాలా ఉన్నాయా అంటే, లావాదేవీల్లో 80 శాతానికి పైగా ఫోన్‌పే, గూగుల్‌పే అనే రెండింటి ద్వారానే సాగుతున్నాయి. ఏ ఒక్క యాప్ వాటా 30 శాతం మించకూడదని 2020లోనే నియమం పెట్టారు. కానీ దాని అమలు గడువును 2026 చివరి వరకు పొడిగిస్తూ వచ్చారు.

చూసేది ఎవరు? మీరు ఏ రోజు, ఏ వేళ, ఎవరికి పది రూపాయలిచ్చారో యాప్‌కు, దాని వెనక బ్యాంకుకు, స్విచ్‌కు, మీ బ్యాంకుకు, కొట్టతని బ్యాంకుకు తెలుసు. ఒక టీ గురించి తెలిస్తే నష్టమేమీ లేదు. కానీ ఏ మందుల షాపుకు వెళ్ళారు, ఏ సంఘానికి చందా ఇచ్చారు, నెలాఖరున ఎవరి దగ్గర చేబదులు తీసుకున్నారు అన్నవన్నీ ఏళ్ళ తరబడి ఒకేచోట పేరుకుంటే, అది ఒక మనిషి జీవిత చరిత్ర అవుతుంది. దాన్ని ఆ మనిషి రాయలేదు, రాయమని ఎవరినీ అడగలేదు.

ఇక ఈ పుస్తకం అందుబాటులో ఉండాలంటే ఇంటర్నెట్ ఉండాలి. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయమై అల్లర్లు జరిగాక, కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ నిలిపేశారు. అల్లర్లతో ఏ సంబంధమూ లేనివాళ్ళకు కూడా ఫోన్‌లో ఉన్న సొంత డబ్బు చేతికి రాకుండా పోయింది.

తప్పు దిద్దే దారి

మూడో ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. దాన్ని అర్థం చేసుకోవడానికి ధరణి అనుభవమే పాఠం.

2020లో తెలంగాణ ప్రభుత్వం గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను రద్దు చేసింది. గ్రామస్థాయిలో రికార్డులు తారుమారు చేసి లంచాలు గుంజుతున్నారన్న ఫిర్యాదులు నిజమైనవే. లెక్కంతా ఒకే పోర్టల్‌లోకి తెస్తే తారుమారు చేసే చేతులు తగ్గుతాయన్న వాదనలోనూ పస ఉంది. కానీ తప్పు రాసే చేతులతో పాటు తప్పు దిద్దే చేతులూ పోయాయి. వివాదాలున్నాయంటూ పార్ట్-బి కింద పక్కన పెట్టిన భూములు, పొరపాటున నిషేధిత జాబితాలోకి ఎక్కిన సర్వే నంబర్లు, తప్పుగా పడిన విస్తీర్ణాలు, అన్నీ అలాగే నిలిచిపోయాయి. ఊళ్ళో అందరికీ తెలిసిన నిజాన్ని ఊళ్ళో ఎవరూ రాయలేకపోయారు. దిద్దాలంటే దరఖాస్తు కలెక్టర్ దాకా వెళ్ళాలి. అక్కడ తేలకపోతే సివిల్ కోర్టే గతి. రైతులు కాళ్ళరిగేలా తిరిగారు. చివరికి 2025 ఏప్రిల్ 14న భూభారతి పేరుతో కొత్త వ్యవస్థ వచ్చింది. చట్టంలో అప్పీలుకు మళ్ళీ చోటు దొరికింది.

డబ్బు విషయంలోనూ ఇదే జరుగుతోంది. సైబర్ మోసగాళ్ళు కొట్టేసిన సొమ్ము నాలుగైదు చేతులు మారి, ఏమీ తెలియని చిరువ్యాపారి ఖాతాలో కొంత పడుతుంది. పోలీసుల సూచనతో బ్యాంకు ఆ ఖాతాను స్తంభింపజేస్తుంది. అనుమానం ఉన్నది ఐదు వందల మీదైనా ఒక్కోసారి ఖాతా మొత్తం ఆగిపోతుంది. ఫిర్యాదు వేరే రాష్ట్రంలో నమోదై ఉంటే ఎవరిని అడగాలో కూడా అతనికి తెలియదు. మోసాన్ని ఆపడం అవసరమే. కానీ ఒక్క మీట నొక్కితే ఆగిపోయే డబ్బుకు, అంతే వేగంగా విడుదలయ్యే దారి కూడా ఉండాలి. ఆపడం క్షణాల్లో, దిద్దడం నెలల్లో అయితే ఆ వ్యవస్థలో న్యాయం లేదు.

అందరి దగ్గరా ఒకే పుస్తకం

ఈ కేంద్రాన్ని పూర్తిగా తీసేస్తే? 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే మారుపేరుతో వెలువడిన తొమ్మిది పేజీల పత్రం వేసిన ప్రశ్న ఇదే. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదలైంది.

దాని లోపలి పనితీరు ఒక మహిళా సంఘం పద్దు ద్వారా చూద్దాం. నియమం ఒక్కటే: ప్రతి పద్దు పక్కన ఒక తనిఖీ అంకె రాయాలి. ముందు వరుసలోని తనిఖీ అంకెను 31తో హెచ్చవేసి, ఈ వరుసలో జమ అయిన మొత్తం కలిపి, 97తో భాగించగా మిగిలిన శేషమే కొత్త తనిఖీ అంకె. మొదలు 7 అనుకుందాం. మొదటి పద్దు 500 రూపాయలు: 7×31+500=717, శేషం 38. రెండో పద్దు 300: 38×31+300=1478, శేషం 23. మూడో పద్దు 450: 23×31+450=1163, శేషం 96. పుస్తకంలో తనిఖీ అంకెలు 38, 23, 96.

ఎవరో మొదటి పద్దులో 500ను 600గా దిద్దారనుకోండి. ఇప్పుడు ఆ వరుస అంకె 41 అవుతుంది. దాంతో రెండోది 19, మూడోది 69 అవుతాయి. దిద్దింది ఒక్కచోటే అయినా కింది వరుసలన్నీ మారిపోయాయి. సభ్యులందరి దగ్గరా పుస్తకం నకలు ఉంటే, చివరి అంకె ఒక్కటి పోల్చుకుంటే చాలు, ఎక్కడో మార్పు జరిగిందని తెలిసిపోతుంది.

మన చిన్న లెక్కను మోసగించడం తేలికే. 500ను 597గా దిద్దితే శేషం మళ్ళీ 38 వస్తుంది. అందుకే బిట్‌కాయిన్‌లో 97 లాంటి చిన్న సంఖ్య ఉండదు. 256 బిట్ల పొడవున్న, హాష్ అనే తనిఖీ అంకె ఉంటుంది. ఒకే హాష్ వచ్చే రెండు వేర్వేరు పద్దులను వెతికి పట్టుకోవడం ఇప్పుడున్న ఏ కంప్యూటర్‌కూ సాధ్యం కాదు. ఇలా హాష్‌లతో ఒకదానికొకటి ముడిపడ్డ పద్దుల కట్టలే బ్లాక్‌చెయిన్.

ఒక చిక్కు మిగిలింది. ముఖపరిచయం లేని వేలమందిలో తర్వాతి పేజీ ఎవరు రాయాలి? ఒకే రూపాయిని ఇద్దరికి ఇచ్చినట్టు రెండు పేజీలు పుడితే ఏది నిజం? నకమోటో పరిష్కారం ఇది: పేజీ రాయాలనుకున్నవాళ్ళు ముందు ఒక కఠినమైన అంకెల వేట గెలవాలి. జవాబు వెతకడానికి కోట్లకోట్ల ప్రయత్నాలు కావాలి, సరిచూడటానికి మాత్రం క్షణం చాలు. సుమారు పది నిమిషాలకు ఒకరు గెలుస్తారు. వాళ్ళకు కొత్త నాణేలు బహుమతి. ఎక్కువ శ్రమ పోగైన గొలుసునే అందరూ నిజమని ఒప్పుకుంటారు. పాత పేజీ మార్చాలంటే అప్పటినుంచి పడిన శ్రమంతా మళ్ళీ పడాలి. మొత్తం నాణేలు ఎప్పటికీ 2 కోట్ల 10 లక్షలు మించవు.

ఇది నిజంగా గొప్ప ఆవిష్కరణ. ఒకరినొకరు నమ్మనివాళ్ళు, పెద్దమనిషి ఎవరూ లేకుండా, ఒకే లెక్క మీద నిలబడగలరని చూపించింది. రాసే అధికారం ఎవరి సొత్తూ కాదు. ఎవరి ఖాతానూ ఎవరూ ఆపలేరు. అయితే ఖరీదు పెద్దది. యూపీఐ సెకనుకు వేలల్లో చేస్తున్న పనిని బిట్‌కాయిన్ గొలుసు సెకనుకు ఏడుకు మించి చేయలేదు. కరెంటు ఒక చిన్న దేశమంత తింటుంది. ఇథీరియం 2022 సెప్టెంబరులో అంకెల వేటను వదిలేసి, నాణేలు పూచీగా పెట్టే పద్ధతికి మారి, తన కరెంటు ఖర్చును 99 శాతానికి పైగా తగ్గించుకుంది. కానీ పూచీ పెట్టే స్థోమత ఉన్నవాళ్ళకే అక్కడ రాసే అవకాశం ఎక్కువ.

వద్దన్న కేంద్రం మళ్ళీ వచ్చింది

బిట్‌కాయిన్‌లో మీ డబ్బుకు రుజువు ఒక రహస్య సంఖ్య. అది పోతే డబ్బు పోయినట్టే. మూడో ప్రశ్నకు అక్కడ జవాబే లేదు. పొరపాటున వేరే చిరునామాకు పంపినా, దొంగ కొట్టేసినా దిద్దేవాళ్ళుండరు. ఈ భయంతోనే చాలామంది తమ నాణేలను ఎక్స్ఛేంజీల దగ్గర పెట్టారు. అంటే కేంద్రం వద్దని బయల్దేరి, ఇంకా తక్కువ జవాబుదారీ ఉన్న కేంద్రం చేతిలో పడ్డారు. 2014లో జపాన్‌లో మౌంట్ గాక్స్, 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ కూలిపోయాయి. 2024 జులైలో మన దేశంలోని వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో దొంగల పాలైంది. గొలుసు చెక్కుచెదరలేదు, మనుషుల కష్టార్జితం మాత్రం పోయింది.

చట్టం కూడా ఊగిసలాడింది. క్రిప్టో వ్యాపారులకు బ్యాంకులు సేవలందించకూడదని 2018లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2022 నుంచి లాభాల మీద 30 శాతం పన్ను, ప్రతి బదిలీ మీద ఒక శాతం టీడీఎస్ వచ్చాయి.

బ్లాక్‌చెయిన్ అన్న పేరుంటే వికేంద్రీకరణ ఉన్నట్టే అనుకోవడం ఇంకో భ్రమ. తెలంగాణ ప్రభుత్వం రిజిస్టరైన చిట్‌ఫండ్ల లెక్కల కోసం టీ-చిట్స్ అనే బ్లాక్‌చెయిన్ వేదిక తెచ్చింది. చిట్టీ పాడుకున్నవాళ్ళకు, కట్టేవాళ్ళకు లెక్క తారుమారు కాకుండా అది పనికొస్తుంది. మంచిదే. కానీ ఎవరు చేరాలో, ఎవరు రాయాలో నిర్ణయించేది అధికారులే. అది చెరపలేని పుస్తకం, అందరి పుస్తకం కాదు. ఈ తేడా తెలియకపోతే ఎవరైనా కొత్త పేరు చెప్పి పాత పెత్తనాన్నే మనకు అమ్మగలరు.

కనపడకుండా ఉండే హక్కు

బిట్‌కాయిన్ రహస్యంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పుస్తకం ప్రపంచమంతటికీ తెరిచే ఉంటుంది. ఒక్కసారి మీ చిరునామా మీదని తెలిస్తే, మీ లావాదేవీల చరిత్ర ఎవరైనా తిరగేయవచ్చు. చూపు విషయంలో అది యూపీఐ కన్నా బట్టబయలు.

డిజిటల్ డబ్బుకు నగదులోని గోప్యత తేగలమని చాలా ముందే నిరూపించినవాడు డేవిడ్ చామ్. 1983లో అచ్చయిన ఆయన పత్రం గుడ్డి సంతకం అనే పద్ధతిని వివరించింది. లోపల కార్బన్ పూత ఉన్న కవరులో ఒక చీటీ పెట్టి బ్యాంకుకు ఇచ్చారనుకోండి. బ్యాంకు మీ ఖాతాలో వంద తగ్గించి, కవరు తెరవకుండా పైన సంతకం చేస్తుంది. సంతకం లోపలి చీటీ మీదికి దిగుతుంది. మీరు కవరు చించి, చీటీ కొట్లో ఇస్తారు. కొట్టతను దాన్ని బ్యాంకుకు తెస్తే, సంతకం తనదేనని బ్యాంకు ఒప్పుకుంటుంది. ఆ చీటీ ఎవరికిచ్చిందో మాత్రం చెప్పలేదు. ఈ పనంతా చామ్ గణితంతో చేశాడు. అంటే డబ్బు విడుదల చేసేది కేంద్రమే అయినా, ఖర్చుపెట్టేవాడి స్వేచ్ఛ చెక్కుచెదరదు. హాలీ సిక్కాలో ఉన్న కలయికే ఇది. చామ్ కంపెనీ డిజిక్యాష్ 1998లో దివాలా తీసింది. గణితం ఓడిపోలేదు. ఆనాటి బజారుకు గోప్యత విలువ తెలియలేదు.

ఆ విలువ తెలంగాణకు 2020లో బాగా తెలిసొచ్చింది. కరోనా కాలంలో చేతిలో డబ్బు ఆడక ఫోన్‌లో లోన్ యాప్‌ల నుంచి చిన్న మొత్తాలు తీసుకున్నవాళ్ళను, వాళ్ళ ఫోన్‌లోని నంబర్లన్నీ లాగేసుకున్న ఏజెంట్లు పీడించారు. బంధువులకు, స్నేహితులకు మెసేజీలు పంపి పరువు తీశారు. ఆత్మహత్యలు జరిగాయి. ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టారు. అప్పిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫైళ్ళ జోలికి పోకూడదని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన తెచ్చింది. దాచాల్సిందేమీ లేనివాడికి గోప్యత ఎందుకని అడిగేవాళ్ళకు ఇదే జవాబు. ఆ బాధితులు ఏ నేరమూ దాచలేదు. తమ పేదరికాన్ని తమదిగా ఉంచుకోవాలనుకున్నారు, అంతే. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది కూడా ఇలాంటి మనుషుల కోసమే.

రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం మొదలుపెట్టిన డిజిటల్ రూపాయి ప్రయోగాన్ని తర్వాత హైదరాబాద్‌కూ విస్తరించింది. అది చామ్ దారిన నడిస్తే జేబులోని నాణెం ఫోన్‌లోకి వచ్చినట్టు. ప్రతి రూపాయినీ వెంటాడే దారి పడితే ఇప్పుడున్న నిఘా ఇంకా బిగుసుకున్నట్టు. ఏది జరగాలో తేల్చాల్సింది ఇంజనీర్లు మాత్రమే కాదు. పౌరులందరూ.

ముల్కనూర్ నేర్పిన పాఠం

వికేంద్రీకరణను తెలుగునేల కంప్యూటర్ల కన్నా ముందే ఎరుగును. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి 1956లో ముల్కనూర్‌లో సహకార పరపతి సంఘం స్థాపించారు. చుట్టుపక్కల పల్లెల రైతులు అక్కడే దాచుకుని, అక్కడే అప్పు తీసుకుని, అక్కడే పంట అమ్ముకున్నారు. కానీ మిగతా చాలా సహకార సంఘాలు ప్రభుత్వ పెత్తనం కింద నలిగిపోయాయి. 1964 సహకార సంఘాల చట్టం కింద రిజిస్ట్రార్ తలచుకుంటే ఎన్నికైన పాలకవర్గాన్ని పక్కనపెట్టి తన మనిషిని కూర్చోబెట్టగలడు.

హైదరాబాద్‌లోని సహకార అభివృద్ధి సంస్థ సహవికాస ఏళ్ళ తరబడి చేసిన కృషికి ఫలితంగా 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటాధనం తీసుకోని సంఘాలు తమ నియమాలు తామే రాసుకుని, తమ పాలకులను తామే ఎన్నుకుని, సభ్యులకే జవాబుదారీగా ఉండవచ్చని ఆ చట్టం చెప్పింది. వేలాది మహిళల పొదుపు సంఘాలు, ముల్కనూర్ మహిళా స్వకృషి డెయిరీ దాని నీడలో పెరిగాయి.

ఇలాంటి సంఘాన్ని మన నాలుగు ప్రశ్నలూ అడగండి. రాసేది ఎవరు? సభ్యులు ఎన్నుకున్నవాళ్ళు, అందరి ముందు కూర్చుని. చూసేది ఎవరు? సభ్యులు మాత్రమే. దిద్దేది ఎవరు? అదే సమావేశం. బయటికి రావచ్చా? పొదుపు తీసుకుని రావచ్చు. బిట్‌కాయిన్ నమ్మకం అవసరం లేని డబ్బు కోసం వెతికింది. పొదుపు సంఘం నమ్మకాన్నే పెంచి, దానికి నియమం తోడుచేసింది. గణితం దొంగ పద్దును పట్టుకోగలదు. జబ్బుచేసి కిస్తీ కట్టలేని చెల్లెలికి గడువివ్వాలా వద్దా అన్నది మాత్రం మనుషులే కూర్చుని తేల్చుకోవాలి.

ఆన్‌లైన్‌లో మన ఊళ్ళు

మాటల విషయంలో కూడా లెక్కల పుస్తకం ఉంటుంది. 1990లలో అమెరికాలోని తెలుగువాళ్ళు యూజ్‌నెట్‌లో తెలుగు సంస్కృతికి ఒక వేదిక నడిపారు. తెలుగు అక్షరాలు కంప్యూటర్‌లో కుదరని ఆ కాలంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్టీఎస్ లిపిలో రాసుకునేవారు. యూజ్‌నెట్‌కు యజమాని లేడు. ప్రపంచంలోని ఎన్నో సర్వర్లు ఒకే చర్చ నకళ్ళను పంచుకునేవి. తర్వాత సౌకర్యం చూసి అందరూ పెద్ద కంపెనీల గూటికి చేరారు. తెలుగు సాహిత్య చర్చలకు పేరున్న రచ్చబండ యాహూ గ్రూపుల్లో నడిచింది. 2014 సెప్టెంబరులో ఆర్కుట్, 2020 డిసెంబరులో యాహూ గ్రూప్స్ మూతపడ్డాయి. ఏళ్ళ మాటలు, స్నేహాలు, పోట్లాటలు కంపెనీ నిర్ణయానికి వదిలేసిన ఆస్తిగా తేలాయి.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇంకో దారి చూపింది. సర్వర్లు అమెరికాలోని ఒక ఫౌండేషన్‌వే. కానీ రాసిందంతా ఎవరైనా దింపుకుని, ఇంకోచోట మళ్ళీ నడపడానికి లైసెన్సే అనుమతిస్తుంది. మార్పుల చరిత్ర అందరికీ కనిపిస్తుంది. నిర్వాహకులను రాసేవాళ్ళే ఎన్నుకుంటారు. కేంద్రం ఉన్నా, బయటికి వచ్చే దారి తెరిచి ఉంది కాబట్టి ఆ కేంద్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోక తప్పదు.

ఇంకో అడుగు వేసినవాళ్ళూ ఉన్నారు. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎబెన్ మోగ్లెన్ 2010లో ఇచ్చిన ప్రసంగం నుంచి ఫ్రీడమ్‌బాక్స్ పుట్టింది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌ను ఇంట్లో పెట్టుకుని, మన మెసేజీలు, ఫైళ్ళు మన దగ్గరే ఉంచుకునే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది. దాని అభివృద్ధిలో హైదరాబాద్ ప్రోగ్రామర్ల చెయ్యి పెద్దది. హైదరాబాద్ కేంద్రంగా 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ, విద్యార్థుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడకాన్ని పెంచుతూ, పల్లెల్లో ఊరందరికీ వైఫై అందించడానికీ ఈ పెట్టెను వాడింది. మాస్టడాన్ లాంటి వేదికలు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి: ఎవరి సర్వర్ వాళ్ళది, మాట మాత్రం అందరికీ చేరుతుంది. 2018లో వచ్చిన యాక్టివిటీపబ్ ప్రమాణం వాటికి ఉమ్మడి భాష.

ఏం అడగాలి?

వికేంద్రీకరణ దానంతట అదే స్వేచ్ఛ కాదని ఈ ఉదాహరణలన్నీ చెబుతున్నాయి. పుస్తకం వేలమంది దగ్గరున్నా తప్పు దిద్దే దారి లేకపోతే బలహీనుడే నష్టపోతాడు. పుస్తకం ఒక్కచోటే ఉన్నా, చూపుకు హద్దు, తప్పుకు అప్పీలు, బయటికి దారి ఉంటే మనిషి తలెత్తుకుని బతకగలడు. కాబట్టి ఏదో ఒక సాంకేతికతకు జై కొట్టడం కన్నా, ప్రతి వ్యవస్థనూ ఆ నాలుగు ప్రశ్నలతో నిలదీయడం మనకు మేలు.

నిలదీస్తే అడగాల్సినవి స్పష్టంగానే కనిపిస్తాయి. నగదు తీసుకోనని ఏ ప్రభుత్వ కార్యాలయమూ, ఏ ఆసుపత్రీ అనకూడదు. డిజిటల్ రూపాయిలో చిన్న మొత్తాలకు నగదుతో సమానమైన గోప్యత గణితంలోనే ఉండాలి, అధికారుల హామీలో మాత్రమే కాదు. ఖాతా ఆపితే అదే రోజు కారణం, అడగాల్సిన అధికారి పేరు, జవాబు గడువు తెలియజేయాలి. వివాదమున్న మొత్తాన్నే ఆపాలి. చెల్లింపుల యాప్‌ల మీద పెట్టిన 30 శాతం పరిమితిని ఇంకా వాయిదా వేయకుండా అమలు చేయాలి. ఆన్‌లైన్ వేదిక ఏదైనా, అక్కడ మనం రాసినదంతా మనతో తీసుకుపోయే హక్కు ఉండాలి.

వీటిలో కొత్త ఆవిష్కరణ కావాల్సింది ఒక్కటీ లేదు. గుడ్డి సంతకానికి నలభయ్యేళ్ళు దాటాయి. పొదుపు సంఘాల చట్టానికి ముప్పై ఏళ్ళు నిండాయి. అప్పీలు లేని లెక్క నిలవదని ధరణి అనుభవం తెలంగాణకు చెప్పింది. సాధనాలున్నాయి, అనుభవమూ ఉంది. భూమి లెక్క విషయంలో జనం పట్టుబడితే చట్టం మారింది. డబ్బు లెక్క విషయంలోనూ అంతే పట్టుదలతో అడిగితే మారుతుంది.